చిక్కుడు పాదుకి తగిలిన దిష్టి

మాణిక్యాంబ గారు ప్రశ్నకి జవాబు చెప్పరని పెద్దాపురంలో ఆవిడ దగ్గరికి వెళ్ళేవాళ్ళందరికీ తెలుసు. ఊరి చివర ఒక పాత పెంకుటింట్లో ఆవిడ చిన్న మఠం నడిపేవారు. మఠమంటే పెద్ద ఏర్పాటేమీ కాదు. ఒక వసారా, కట్టెల పొయ్యి ఉన్న వంటిల్లు, పెరట్లో నాలుగు మళ్ళ కూరమొక్కలు, అంతే. పొద్దున్నే గంటసేపు పాఠం, ఆ తరవాత గంటసేపు పెరటి పని. ఉద్యోగాల్లోంచి దిగిపోయినవాళ్ళూ, సంసారాల్లో నలిగినవాళ్ళూ పదిపన్నెండు మంది వచ్చేవారు. ఎవరైనా సందేహం అడిగితే ఆవిడ కాసేపు వాళ్ళ మొహం కేసి చూసి ఏదో ఒక పని చెప్పేవారు. ఆ పని చేసి వచ్చేసరికి కొందరు అడిగిన సంగతే మరిచిపోయేవారు, కొందరు మళ్ళీ ఆ గుమ్మం తొక్కేవారు కాదు. రానివాళ్ళ కోసం ఆవిడ ఎన్నడూ కబురు పెట్టిన పాపాన పోలేదు.

ఒక మార్గశిర మాసపు పొద్దున పాఠం ముగిశాక కాత్యాయని లేచి నిలబడింది. ఆవిడ రిటైరైన పోస్టుమాస్టరు నరహరి గారి భార్య, యాభై అయిదేళ్ళ మనిషి. మూడేళ్ళుగా రోజూ వస్తోంది గానీ నోరు విప్పి ఏమీ అడిగి ఎరగదు. ఆ రోజు మాత్రం, "గురువుగారూ, మన చుట్టూ తిరుగుతూనే మనకి కీడు చేసేవాళ్ళుంటారు కదండీ, వాళ్ళని ముందే ఆనవాలు పట్టడం ఎలాగండీ?" అని అడిగింది. అడిగిన తీరుకే అది శాస్త్రం తెలుసుకుందామని వేసిన ప్రశ్న కాదని అక్కడున్న అందరికీ అర్థమైంది.

మాణిక్యాంబ గారు ఆవిడ కేసి చూసి, "మీ పెరట్లో ఏం వేశావు?" అన్నారు.

"చిక్కుడు పాదొకటేనండి. పందిరేసి ఎక్కించాం. ఇప్పుడదీ పోతోంది. దిష్టి కొట్టేసింది."

"ఎవరి దిష్టి?"

కాత్యాయని ఆ మాట చెప్పడానికే లేచింది కనక చెప్పేసింది. "మా వెనక వాటాలో అద్దెకుండే ఆవిడదండి."

"రేపు వచ్చేటప్పుడు ఆ పాదులో అన్నిటికంటే పాడైపోయిన కొస ఒకటి తుంపి తీసుకురా," అని మాణిక్యాంబ గారు గునపం అందుకుని వంగమడి వైపు వెళ్ళిపోయారు.

వెనక వాటా అంటే ఒక గది, ముందు చిన్న వరండా. అందులో ఆరేళ్ళుగా సూరీడమ్మ ఉంటోంది. భర్త పోయాడు, పిల్లలు పుట్టలేదు, వయసు అరవై దాటింది. వరండాలో కట్టెల పొయ్యి పెట్టుకుని చేగోడీలూ జంతికలూ చేసి ఆ వీధిలో ఇళ్ళకే అమ్ముకుని బతికేది. ఆవిడ వరండాకీ కాత్యాయని వంటింటి గుమ్మానికీ మధ్యనే చిక్కుడు పందిరి. ఏటేటా ఆషాఢంలో గింజ పెడితే కార్తీకానికి పందిరంతా కమ్ముకుని, మాఘం దాకా ఇరుగుపొరుగుకి పంచినా తరగనన్ని కాయలు కాసేది. అదంతా తన చేతి చలవేనని కాత్యాయని నలుగురిలో చెప్పుకునేది. ఇలాంటివి మనమందరం చెప్పుకుంటాం, దానికి ఆవిడని తప్పుపట్టక్కర్లేదు.

ఈ ఏడు భాద్రపదంలో కూతురు స్రవంతి కడుపుతో పుట్టింటికి వచ్చింది. పెళ్ళయిన ఏడేళ్ళకి నిలిచిన కడుపు. సూరీడమ్మ వేడివేడి చేగోడీలు పళ్ళెంలో పట్టుకొచ్చి, ఆ అమ్మాయి గడ్డం పుచ్చుకుని, "మొకం ఎంత కళకళ్ళాడిపోతందో తల్లీ, సూడ్డానికి నా కళ్ళు సాలటం లేదు," అంది. దసరా వెళ్ళిన నాలుగో రోజున ఆ కడుపు పోయింది. డాక్టరు కారణం చెప్పింది. అది స్రవంతికి అర్థమైంది, అల్లుడికీ అర్థమైంది. కాత్యాయని చెవుల్లోకి మాత్రం ఒక్క ముక్కా వెళ్ళలేదు. కడుపుకోత ఊరికే కూర్చోనివ్వదు, ఎవరో ఒకరి జుట్టు చేతికి దొరికేదాకా వెతికిస్తుంది. కూతుర్ని అత్తవారింటికి పంపించి వచ్చి ఒంటరిగా కూర్చుంటే, "నా కళ్ళు సాలటం లేదు" అన్న మాట ఆవిడకి గుర్తొచ్చింది. దాని వెనకే ఇంకోటి గుర్తొచ్చింది. అంతకు నెల్లాళ్ళ ముందు ఓ పొద్దున వెలుగు సరిగ్గా రాకుండానే వంటింటి కిటికీ తీస్తే, సూరీడమ్మ పందిరి కింద నిలబడి చిక్కుడు కొసల్ని ఒక్కొక్కటే వేళ్ళతో పట్టుకుని, పెదాలు కదుపుతూ కనిపించింది. ఆనాడు ఏమీ అనిపించలేదు. ఇప్పుడు అదే తలుచుకుంటే అది దిష్టి పెట్టడమేననిపించింది.

ఆ సాయంత్రమే కాత్యాయని వెనక వరండాకి వెళ్ళి, "ఇక నుంచి పందిరి కిందికి రాకు. మార్గశిరం వెళ్ళేలోపు గది కూడా చూసుకో," అంది. సూరీడమ్మ పిండి చేతులతోనే లేచి నిలబడి ఏదో చెప్పబోయింది. కాత్యాయని వినకుండా వచ్చి తలుపేసుకుంది. మర్నాడు పందిరికీ ఆ వరండాకీ నడుమ తడిక కట్టించింది. ఎదురింటావిడ తడికెందుకని అడిగితే, "ఎవరితోనూ అనకండేం," అని మొదలుపెట్టి మొత్తం చెప్పింది. వారం తిరక్కుండానే ఆ సంగతి వీధి వీధంతా నోళ్ళలో నానింది. చేగోడీలు వాడుకగా కొనేవాళ్ళు వద్దన్నారు. స్కూలుకి వెళ్ళే పిల్లల్ని తల్లులు ఆవిడ ఎదురైతే పక్కకి లాగేవారు. పొద్దున్నే నీళ్ళకి వీధి పంపు దగ్గరికి ఆవిడ వస్తుంటే ఆడవాళ్ళు బిందెలు వదిలేసి లోపలికి పోయేవారు. కాత్యాయని ఇవన్నీ చూసింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు, కానీ చూస్తే కాస్త ఊరటగా కూడా అనిపించింది. తన ఒక్కదానికే కాదు, అందరికీ అలాగే తోచిందంటే అందులో నిజం లేకపోదనుకుంది.

తడిక కట్టిన మూడు వారాలకి పాదు ముడుచుకుపోవడం మొదలైంది. లేత ఆకులు కిందికి వంగి గిన్నెల్లా అయ్యాయి. పూతకాడలు నల్లబడ్డాయి. గది ఖాళీ చెయ్యమన్నందుకు సూరీడమ్మ కళ్ళలో నిప్పులు పోసుకుంటోందని కాత్యాయనికి నమ్మకం కుదిరిపోయింది. సున్నం బొట్లు పెట్టిన నల్లకుండ పందిరి గుంజకి బోర్లించింది. పాత చెప్పు కట్టింది. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. ఆఖరికి బజార్లో పురుగుల మందు కూడా కొనుక్కొచ్చి కొట్టింది. నాలుగు రోజులు నిదానించినట్టు కనిపించి పాదు మరీ అధ్వాన్నమైంది. అప్పుడే ఆవిడ మాణిక్యాంబ గారిని అడిగింది.

మర్నాడు తెచ్చిన కొసని మాణిక్యాంబ గారు భూతద్దంతో చూసి, అద్దాన్ని కాత్యాయని చేతికిచ్చారు. "ఏం కనిపిస్తోంది?"

"మాడిపోయిన కొసండి."

"కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూడు."

చూసింది. నలుపనుకున్నది నలుపు కాదు. ఒకదాని మీద ఒకటి ఎక్కి, కాడ కనపడకుండా కరుచుకుని ఉన్న పురుగులు. కొన్ని కదులుతున్నాయి. "అమ్మో, పేలు!" అని కొస వదిలేసింది.

"పేనుబంక అంటారు. మూతితో గుచ్చి రసం పీలుస్తాయి. అందుకే ఆకు ముడుచుకుంటుంది, పూత రాలిపోతుంది. నీ వేళ్ళకి జిగురు అంటిందా?"

"అంటిందండి."

"అవి వదిలే తీపి అది. దాని కోసమే చీమలు పాదెక్కుతాయి. చీమలు బారు తీరి ఎక్కుతుంటే పైన ఇవి ఉన్నాయని గుర్తు. మందు కొట్టానన్నావు, ఏ పురుగుకి కొట్టావు?"

కాత్యాయని తెల్లమొహం వేసి, "పురుగుకేనండి," అంది. వసారాలో ఎవరో కిసుక్కుమన్నారు. మాణిక్యాంబ గారు నవ్వలేదు. "ఆకు నమిలే పురుగు వేరు, రసం పీల్చే పురుగు వేరు. ఏది పట్టిందో చూడకుండా మందు కొట్టావన్నమాట. కిందటేడు పేనుబంక రాలేదా?"

"ఎప్పుడూ రాలేదండి. ఈ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు."

"చిక్కుడు పెట్టాక పేనుబంక రాని ఏడుండదు, కాత్యాయనీ," అన్నారావిడ. అంతకుమించి ఆ సంగతి ఎత్తలేదు. తరవాత పని చెప్పారు. ఏడు రోజులపాటు పొద్దున్నే లేచి, ప్రతి కొసనీ రెండు వేళ్ళ మధ్య పెట్టి తుడవాలి. మరీ ఎక్కువగా పట్టిన కొసల్ని తుంపి సబ్బునీళ్ళ బక్కెట్లో ముంచెయ్యాలి. తుడిచిన చోటల్లా జల్లించిన బూడిద చల్లాలి. మందు ముట్టుకోకూడదు, పనిమనిషికి పురమాయించకూడదు. "బూడిదుందా?" అని అడిగారు.

"మాది గ్యాసు పొయ్యండి. కట్టెల పొయ్యంటే మా వెనక..." అని కాత్యాయని అక్కడితో ఆగిపోయింది. మాణిక్యాంబ గారు లోపలికి వెళ్ళి మఠం పొయ్యిలో బూడిద డబ్బా నిండా పోసి తెచ్చి ఇచ్చారు.

అది చెప్పినంత సుళువైన పని కాదు. వేళ్ళ మధ్య పురుగులు చితుకుతుంటే మొదటి రోజు కాత్యాయని మాటిమాటికీ మొహం పక్కకి తిప్పుకుంది. చేతులు సబ్బుతో తోముకున్నా గోళ్ళ సందుల్లో నల్లటి పసరు మరక పోలేదు. మెడ పట్టేసింది. పందిరి సగం తుడిచేసరికి ఎండ వచ్చేది, ఆ తరవాత చల్లిన బూడిద ఆకుల మీంచి జారి ఆవిడ నెత్తినే పడేది. మూడో రోజున మాత్రం ఆవిడ ఉత్సాహంగా మఠానికి వచ్చింది. చేతిలో చిన్న కాయితం పొట్లం ఉంది.

"అసలైనవి ఇవాళ దొరికాయండి గురువుగారూ. పేనుబంక కంటే పెద్దవి. నల్లగా పొడుగ్గా, ఒంటినిండా ముళ్ళూ, కాషాయం మచ్చలూ. చూస్తేనే అసహ్యం వేస్తుంది. పేనుబంక గుంపుగా ఉన్నచోటల్లా ఇవే తిరుగుతున్నాయి. ఇరవై దాకా నలిపేశాను."

మాణిక్యాంబ గారు పొట్లం విప్పి చూశారు. "అక్షింతల పురుగుని ఎరుగుదువా?"

"ఎరక్కపోవడమేంటండీ. ఎర్రటి రెక్కల మీద నల్లచుక్కలుంటాయి. చిన్నప్పుడు అరచేతిలో పెట్టుకుని ఆడుకునేవాళ్ళం."

"ఇవి దాని పిల్లలు. రెక్కలు రాకముందు ఇలా ఉంటాయి. నీ పాదు మీద పేనుబంకని తినడానికి వచ్చాయి."

కాత్యాయని, "ఎప్పుడు చూసినా అక్కడే ఉంటుంటే, చేస్తున్నది ఇవేననుకున్నానండి," అంది.

మాణిక్యాంబ గారు కాయితాన్ని మళ్ళీ ముందులాగే మడిచి ఆవిడ చేతిలో పెట్టారు. కాత్యాయని ఆ పొట్లాన్ని పారెయ్యలేక ఇంటిదాకా మోసుకెళ్ళింది.

అయిదో రోజు పాఠం నుంచి తిరిగి వచ్చేసరికి వెనక వాటాకి తాళం వేసి ఉంది. వరండాలో పొయ్యి రాళ్ళు మూడూ గోడవారకి చేర్చి, నేల అలికి ఉంది. గడువింకా ఎనిమిది రోజులుండగానే సూరీడమ్మ వెళ్ళిపోయింది. హమ్మయ్య అనుకుంది కాత్యాయని. అనుకున్న తరవాత, వెళ్ళేటప్పుడు ఆ నేల అలకడం ఎందుకా అని మనసులో ఏదో గుచ్చుకుంది. కానీ పన్లో పడి దాన్ని పక్కన పెట్టేసింది.

ఆరో రోజు పొద్దున మంచు దట్టంగా కురుస్తోంది. కాత్యాయని పందిరి కింద నిలబడి కొస తరవాత కొస తుడుస్తోంది. ఎక్కడిదాకా చేసిందో మరిచిపోకుండా లోపల్లోపల లెక్కపెట్టుకుంటోంది. నరహరి గారు పేపరు తీసుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి నవ్వారు. "ఏవిటే, పాదుకి మంత్రాలు చదువుతున్నావా?"

"మంత్రాలేంటి! లెక్కండీ. తప్పితే మళ్ళీ మొదటికి రావాలి."

"ఆఁ, సూరీడమ్మా అంతే చేసేది. అలాగే పెదాలాడిస్తూ లెక్కపెట్టుకునేది," అన్నారాయన ఆవులిస్తూ. "అన్నట్టు చెప్పడం మరిచాను. నిన్న తాళం చెవి ఇస్తూ నీకో మాట చెప్పమంది. బూడిద మంచు తడి ఆరకముందే చల్లాలట. ఎండెక్కాక చల్లితే ఆకు మీద నిలవదట."

కాత్యాయని చేతిలో కొస అలాగే ఉండిపోయింది. "ఆవిడకెలా తెలుసు?"

"తెలియకపోవడమేంటి, ఆరేళ్ళబట్టీ చేస్తున్నది ఆవిడేగా. తెల్లారకముందే తుడిచి, ఆ పొయ్యిలో బూడిద జల్లెడపట్టి చల్లి, నువ్వు లేచేసరికి చక్కా పోయి పిండి కలుపుకునేది. నేను పేపరు తీసుకోవడానికి లేచినప్పుడల్లా చూసేవాణ్ణి."

"చూస్తే నాకు చెప్పరా? ఈ దిష్టి గొడవంతా నడుస్తుంటే కూడా చెప్పరా?" ఆవిడ గొంతు పెద్దదైంది.

నరహరి గారి మొహంలో నవ్వు పోయింది. పేపరు చంకలో పెట్టుకున్నారు. "అమ్మాయికలా అయ్యాక నువ్వేం వినే స్థితిలో ఉన్నావని? ఎవరో ఒకర్ని తిట్టుకుంటే నీ మనసు తేలికవుతుందేమోననుకున్నాను. ఇంతదాకా వస్తుందనుకోలేదు," అన్నారు.

కాత్యాయని తడి నేల మీదే కూర్చుండిపోయింది. కిటికీలోంచి తను ఆనాడు చూసిన మనిషి ఇప్పుడు తనే. ఆ చెయ్యి, ఆ పెదాలు, ఆ నిలబడటం అన్నీ ఒకటే. ఇప్పుడు ఎవరైనా కిటికీ తీసి చూస్తే ఏమనుకుంటారో ఆవిడకి బాగా తెలుసు. ఆరేళ్ళ కాయలూ గుర్తొచ్చాయి. "మీ చేతి చలవండీ" అని జనం పొగుడుతుంటే, చేగోడీల బుట్ట పట్టుకుని పక్కనుంచి నవ్వుతూ వెళ్ళిపోయిన సూరీడమ్మ గుర్తొచ్చింది. తడిక కట్టాక పాదు ఎందుకు ముడుచుకుపోయిందో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ రోజు ఆవిడ మఠానికి వెళ్ళలేదు. మంచు తడి ఆరకముందే బూడిద చల్లింది. ఒక్క రేణువు కూడా జారకుండా నిలిచింది.

ఏడో రోజు పని కూడా పూర్తిచేసి, ఎనిమిదో రోజున కాత్యాయని జగ్గంపేట బస్సెక్కింది. అక్కడ దిగి ఆటోలో మూడు మైళ్ళు వెళ్తే సూరీడమ్మ చెల్లెలి కొడుకు ఉండే పల్లె. తాళం చెవి ఇచ్చేటప్పుడు అక్కడికే పోతున్నానని నరహరి గారితో చెప్పిందట. ఆ ఇంట్లో ఆవిడకి గది దొరకలేదు. పశువుల పాక పక్కన తాటాకుల చూరు కింద మంచం వేసి ఉంది. మంచం పక్కన నేల మీద కూర్చుని సూరీడమ్మ చింతపండు గింజలు తీస్తోంది. కాత్యాయనిని చూసి గాభరాగా లేచి, మంచం మీది బొంత దులిపింది. "రండమ్మా, కూకోండి. పాదెలాగుంది? నిలబడిందా?"

అన్నిటికంటే ముందు పాదునే అడిగేసరికి కాత్యాయని చెప్పాలనుకుని కూడబలుక్కున్న మాటలన్నీ పోయాయి. "నిలబడింది. కొత్త పూత వేస్తోంది," అని మాత్రం అనగలిగింది.

"స్రవంతమ్మ కోలుకుందా?"

దాంతో కాత్యాయని ఏడ్చేసింది. చేతులు పట్టుకుని, "నీకు అన్యాయం చేశాను సూరీడమ్మా. నా కడుపుమంటలో నిన్ను వీధిన పడేశాను. ఆరేళ్ళు నా పాదు కనిపెట్టుకుని ఉండి ఒక్కమాటైనా చెప్పలేదేం?" అంది.

"సెప్పడానికేవుందమ్మా. తెల్లారి లెగిత్తే ఎదురుగా అదే కదా. నాకు బిడ్డా పాపా ఉన్నారా తల దువ్వటానికి? పిల్లకి పేలు తీసినట్టు కాసేపు తీసుకునేదాన్ని. పొద్దు గడిసిపోయేది."

"ఇంటికి వచ్చెయ్యి. ఆ తడిక నిన్ననే పీకించేశాను. అద్దె వద్దు, ఏమీ వద్దు."

సూరీడమ్మ మళ్ళీ చింతపండు ముందు కూర్చుని గింజలు తియ్యసాగింది. కోపం లేదు ఆ మొహంలో. కోపమే ఉంటే కాత్యాయనికి కాస్త బాగుండేది. "మీ ఇంటికైతే వత్తానమ్మా. ఆ వీధిలోకెలా రాను? నా సేతి సేగోడీలు తిని పెరిగిన పిల్లలు నన్ను సూసి పారిపోతన్నారు. మీ మనసు మారింది, మీరొచ్చారు. ఆళ్ళ సెవిలో పడ్డ మాట ఎవరు తీత్తారు? ఇక్కడ నన్నెవరూ పిలవరు గానీ, సూసి పారిపోయేవోళ్ళూ లేరు," అంది. లేచి లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. కాత్యాయని అవి తాగి వచ్చిన దారినే తిరిగి వచ్చేసింది. బస్సులో దారంతా ఆవిడకి ఆ పాక పక్క మంచమే కళ్ళ ముందు కదిలింది. ఈ రెండు నెలల్లో కూతురి దుఃఖం కాకుండా ఇంకొకరి దుఃఖం ఆవిడ గుండెల్లో కూర్చోవడం అదే మొదలు.

మర్నాడు పాఠం అయ్యాక అందరూ పెరట్లోకి వెళ్ళిపోయినా కాత్యాయని వసారాలోనే ఉండిపోయింది. పాదు సంగతి, భర్త చెప్పిన సంగతి, జగ్గంపేట ప్రయాణం అంతా చెప్పింది.

"నేనడిగిన ప్రశ్నే తప్పని తెలిసిందండి. కీడు చేసేవాళ్ళని ఆనవాలు పట్టడం ఎలాగని అడిగాను. ఆ చేసింది నేనే. తప్పు ఒప్పుకున్నాను, కాళ్ళావేళ్ళా పడ్డాను, రమ్మన్నాను. రానంది. ఇంక నేను చెయ్యగలిగిందేముందండీ?" అంది కాత్యాయని.

"ఆ దిష్టి సంగతి నువ్వు ఎంతమందికి చెప్పావు?"

"ఒక్కరికేనండి. ఎదురింటావిడకి. ఎవరితోనూ అనద్దని కూడా చెప్పాను."

"ఎన్ని ఇళ్ళకి చేరింది?"

కాత్యాయని ఇళ్ళన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "వీధంతా చేరిందండి. ముప్ఫై ఒక్క గడప."

"అయితే ముప్ఫై ఒక్క గడపా ఎక్కు. ఒక్కొక్కటే. ఆవిడ నీకేం చేసిందో, నువ్వు ఆవిడకేం చేశావో అక్కడ నిలబడి నీ నోటితో చెప్పు."

కాత్యాయని కళ్ళ ముందు ఆ ఇళ్ళూ, ఆ గుమ్మాల్లో నిలబడే ఆడవాళ్ళ మొహాలూ మెదిలాయి. తను చెప్పేది విని వాళ్ళు నోరు నొక్కుకోవడం, తను వెనక్కి తిరగ్గానే ఒకరినొకరు చూసుకోవడం మెదిలాయి. ఇక ఆ వీధిలో తన మాటకి విలువుండదని ఆవిడకి అర్థమైంది. అయినా ఒక్క ఆశ మిగిలింది.

"చెప్తానండి. అందరికీ చెప్తే, అప్పుడైనా సూరీడమ్మ తిరిగొస్తుందంటారా?"

"రాకపోవచ్చు," అన్నారు మాణిక్యాంబ గారు. "వస్తుందన్న ఆశతోనే అయితే బయల్దేరకు. నాలుగిళ్ళకే ఆగిపోతావు."